గంజాయి విషయంలో ప్రజలంటే ఎవరు?

పదిమందీ ఒప్పుకున్నంత మాత్రాన ఒక పని ధర్మమవుతుందా అన్న ప్రశ్న పాతదే. గంజాయి మూలంగా అది ఈనాడు మళ్ళీ లేచింది. అమెరికాలో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల వోటర్లు 2012లో గంజాయిని చట్టబద్ధం చేశారు. ఫ్లోరిడాలో 2024లో సగానికి మించి అవునన్నారు గాని, అక్కడ కావలసిన నూటికి 60 వోట్లు రాక ప్రతిపాదన వీగిపోయింది. ఈ లెక్కలు చూపి “జనం ఒప్పుకుంటే అభ్యంతరమేమిటి?” అనే చదువుకున్న యువకులు మన శ్రీకాకుళం, విజయనగరాల్లోనూ కనిపిస్తున్నారు. వారిని తప్పుపట్టను. కాని ఆ జనం ఎవరో తేల్చుకోకుండా ముందుకు పోవడానికి నా మనస్సు అంగీకరించడం లేదు.

మన దేశంలో ఈ విషయమై అభిప్రాయ సేకరణ జరగకపోలేదు. 1893లో బ్రిటిషు ప్రభుత్వం వేసిన కమిషను దేశంలో తిరిగి 1193 మంది సాక్షులను విచారించింది. మితంగా వాడితే చెప్పుకోదగిన హాని లేదనీ, నిషేధం కన్న పన్నూ అదుపూ మేలనీ 1894లో తేల్చింది. గంజాయి వల్ల పిచ్చెక్కిందని ఆసుపత్రుల్లో రాసిన లెక్కలు నమ్మదగినవి కావని కూడా పట్టుకుంది. నిజాయితీగల పనే. అయితే పన్ను రాబడి మీద కన్నున్న సర్కారుకు ఆ తీర్పు చేదుగా ఉండదు కదా! తరువాత 1961 అంతర్జాతీయ ఒప్పందం, దాని వెంట 1985లో మన పార్లమెంటు చేసిన మాదకద్రవ్యాల చట్టం వచ్చాయి. దేశంలో పలుచోట్ల లైసెన్సు దుకాణాల్లో దొరికిన సరుకు నేరమైపోయింది. వోటరునెవరూ అడగలేదు. భంగు ఆకును మాత్రం ఆ చట్టం గంజాయి నిర్వచనంలోంచి తప్పించింది. ఉత్తరాది హోళీకి లోటు రాలేదు.

ఇక మన జిల్లాల సంగతి. ఒడిశా కొండల నుంచి సరుకు దక్షిణాదికి పోవాలంటే ఇచ్ఛాపురం దగ్గర పెద్దరోడ్డునో, పలాస మీదుగా రైలునో పట్టుకోవాలి. అరకు నుంచి దిగితే ఎస్.కోట దారిలో బొడ్డవర చెక్‌పోస్టు దాటాలి. అక్కడ దొరికేదెవరు? మూట మోసేవాడు, సంచీతో రైలెక్కిన కుర్రవాడు. పెట్టుబడి పెట్టినవాడు ఆ మూటను తాకడు. 20 కిలోలు మించితే తక్కువలో తక్కువ 10 ఏళ్ళ జైలు, లక్ష రూపాయల జరిమానా. 37వ సెక్షను మూలంగా బెయిలు దుర్లభం. జైల్లో ఉన్నవానికి, నేరం రుజువైనా కాకపోయినా, 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం వోటు లేదు. అంటే ఈ చట్టం ఎవరి వీపున విరుగుతున్నదో వాడే ప్రజాభిప్రాయపు లెక్కలోకి రాడు. కొండమీద తోట వేసిన గిరిజనుడికి వోటుంది గాని, అతణ్ణి అడిగేదెవరు? 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర పోలీసులు 2 లక్షల కిలోల గంజాయి తగులబెట్టారు. తోట నరకడం ఒక పూట పని. మారు పంట చేతికొచ్చి, దానికి కొనేవాడు దొరకడం ఏళ్ళ పని.

అయితే వీధివీధికీ కొట్లు తెరవమంటానా? అననూ లేను. మత్తును గురించి తెలుగు స్త్రీల మాట గట్టిగా వినిపించిన ఘట్టం ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న సారా వ్యతిరేక పోరాటం రాష్ట్రమంతా పాకింది. 1994 ఎన్నికల తరువాత, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో, ఖజానాకు గండి పడుతున్నదని, దాన్ని సడలించారు. వోటు వేసిన ఆడవాళ్ళను మళ్ళీ అడిగినవారు లేరు. 1894లోనూ 1997లోనూ చెల్లిన అభిప్రాయం ఖజానాదే!

గంజాయి దుకాణం వద్దనే తల్లిని మన యువకులు అజ్ఞానురాలంటారు. ఇది అన్యాయం. ఆమె శాస్త్రం చదివి మాట్లాడటం లేదు, నిజమే. మగవాడి కూలి డబ్బు ఇంటికి రాకముందే దుకాణంలో ఆగిపోవడం చూసి మాట్లాడుతున్నది. ఆమె భయం దుకాణం గురించి. మూట మోసినవాడి భయం జైలు గురించి. ఆ ఇద్దరూ ఒక్కొక్కప్పుడు తల్లీకొడుకులే. అలాంటప్పుడు “చట్టబద్ధం కావాలా, వద్దా?” అన్న ఒక్క ప్రశ్నకు ఆమె అవునన్నా కాదన్నా సగం మాటే చెప్పినట్టు. దుకాణం అక్కరలేదనీ, కూలివాణ్ణి పదేళ్ళు పాతరవేయడం అన్యాయమనీ ఒకే నోటితో అనవచ్చు, నేను అంటున్నాను.

కాలిఫోర్నియా వోటర్లు 2016లో ఆమోదించిన ప్రతిపాదనలో అమ్మకానికి అనుమతితో పాటు, పాత కేసుల్లో శిక్ష పడినవారు దాన్ని తగ్గించమని కోర్టుకు వెళ్ళే వీలు కూడా ఉంది. మన యువకుల నినాదంలో ఆ రెండో భాగం నాకు ఇంతవరకు వినిపించలేదు.