చింతమాను కింద తాటాకులు

పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులు కాస్తూ, రవ్వలకొండ గుహలో కూర్చుని తాటాకుల మీద కాలజ్ఞానం రాశారని మన పెద్దలు చెబుతారు. రాసినవాటిని అచ్చమ్మగారి ఇంట్లోనే పాతరేసి, పైన చింతమొక్క నాటారనీ అంటారు. ఆ చోట ఉన్న చింతమాను మఠానికి పోయినప్పుడల్లా నాకు ఒకటే ఆలోచన. రాబోయే కాలం తెలిసిన మనిషి ఆ తెలిసినదాన్ని మట్టిలో ఎందుకు దాచినట్టు?

జవాబు బ్రహ్మంగారి కథల్లో వచ్చే కక్కయ్య దగ్గర ఉందని నా నమ్మకం. ఈ దేహంలోనే చక్రాలున్నాయి, వాటిలో దేవతలున్నారు అని బ్రహ్మంగారు దూదేకుల సిద్ధయ్యకు బోధిస్తుంటే కక్కయ్య చాటున ఉండి విన్నాడు. ఒక్క మాట పొల్లుపోకుండా విన్నాడు. ఇంటికి పోయి, ఆ దేవతలను కళ్లారా చూడాలని కట్టుకున్న భార్య ఒళ్లు కోశాడు. నెత్తురు తప్ప ఏమీ కనబడలేదు. బ్రహ్మంగారు ఆమెను బతికించారని కథ చెబుతుంది గానీ, నా మనసు ఆ కత్తి దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరి చెవినా పడింది ఒకే బోధ. సిద్ధయ్య గురువును నీడలా అంటిపెట్టుకుని ఉన్నవాడు, ఆ మాటను తన ఒంట్లోనే వెతుక్కున్నాడు. కక్కయ్య ఇంకొకరి ఒంట్లో వెతికాడు.

2020లో కరోనా వచ్చినప్పుడు కాలజ్ఞానం మాటలంటూ ఎన్నో ఫోన్లలో తిరిగాయి. బ్రహ్మంగారు ముందే చెప్పారని అందరం అనుకున్నాం. అనుకుని ఏం చేశాం? పక్కింటి ముసలామెకు ఇంత బియ్యం ఉన్నాయా అని తలుపు తట్టినవాళ్లే ఆ మాటను నిజంగా విన్నవాళ్లని నేనంటాను.

తెలిసినదాన్ని చేతల్లో పెట్టడం సేద్యంలోనూ ఉంది. ఈ సీమలో వాన మాట తప్పుతుందని తెలియని రైతు లేడు. తెలిసి పెద్దలు ఊరుకోలేదు, కొర్ర చేలో మధ్యమధ్య కంది సాళ్లు వేశారు. కొర్ర మూడు నెలల్లో ఇంటికొస్తుంది. కంది వేరు లోతుకు దించి ఐదారు నెలలు నిలబడుతుంది. వెనక వాన ఎగ్గొడితే కొర్ర, ముందు వాన ముఖం చాటేస్తే కంది. ఏ ఏడు ఏది దక్కేదీ వాళ్లకు తెలియదు. తెలియదు గనకే రెండూ విత్తారు. ఇప్పుడు వాన కబురు ముందుగానే ఫోనుకొస్తోంది, మంచిదే. చేలో మాత్రం ఒకటే పంట, దాని మీద అప్పు. ఈసారి ముంగారుకు ఎవరైనా ఆ కబురు చూసి కూడా కంది సాళ్లు మానకపోతే, వాళ్ల గట్టు మీదికి పోయి కాసేపు కూర్చుని మాట్లాడాలని ఉంది.