కాదనడం కూడా విధేయతేనా?

పెద్దల మాట జవదాటకూడదని ఇంట్లో చెబుతారు, బడిలోనూ చెబుతారు. మరి పెద్దవాళ్ళే తప్పు పని చెయ్యమంటే? చేస్తే ఆ తప్పులో మనకూ వాటా ఉంటుంది. చెయ్యకపోతే ఎదురు చెప్పామంటారు. ఈ చిక్కుముడి విప్పడానికి నాకు 13వ శతాబ్దపు ఇంగ్లండు బిషప్పు రాబర్ట్ గ్రోస్‌టెస్ట్ జీవితం సాయపడింది.

ఆయన పేదింట్లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో పాఠాలు చెప్పాడు, వెలుగు గురించీ ఇంద్రధనుస్సు గురించీ రాశాడు. 1235లో లింకన్ బిషప్పు అయ్యాడు. ఆ రోజుల్లో చర్చి పదవి అంటే చాలామందికి ఒక ఆదాయం. ఒక్కడే అనేక చర్చిల రాబడి తీసుకుంటూ, ఆ ఊళ్ళ మొహం కూడా చూడకపోవడం మామూలే. గ్రోస్‌టెస్ట్ అలా ఊరుకోలేదు. తానే ఊరూరా తిరిగి విచారించాడు. పాదిరీలు పది ఆజ్ఞలు నేర్చుకోవాలని, జనానికి అర్థమయ్యేలా బోధించాలని నియమాలు పెట్టాడు. చదువు రానివాళ్ళను ఎంత పెద్దవాళ్ళు సిఫారసు చేసినా వద్దన్నాడు. పదవిలోకి వచ్చిన కొత్తలోనే 11 మంది మఠాల పెద్దలను తొలగించాడు. తన ప్రధాన చర్చి అధికారులే తమను తనిఖీ చెయ్యడానికి వీల్లేదని ఏళ్ళ తరబడి పోట్లాడారు. 1245లో పోపు నాలుగవ ఇన్నోసెంట్ బిషప్పు పక్షానే తీర్పు ఇచ్చాడు.

విచిత్రం ఏమిటంటే, 1253లో అదే పోపు తన దగ్గరి బంధువుకు లింకన్ చర్చిలో పదవి ఇమ్మని ఆజ్ఞ పంపాడు. గ్రోస్‌టెస్ట్ ఇవ్వనన్నాడు. పోపు అధికారం మందను కాపాడటానికి ఇచ్చినది, మందకు కాపరి లేకుండా చెయ్యడానికి కాదు, కాబట్టి ఈ ఆజ్ఞను కాదనడమే నిజమైన విధేయత అని ఆయన వాదన. ఆ ఏడాది అక్టోబరులోనే చనిపోయాడు.

అయితే ఎవరైనా "నా మనస్సాక్షి ఒప్పుకోలేదు" అనవచ్చు కదా? హోంవర్కు చెయ్యనివాడు కూడా అనవచ్చు! తేడా ఎక్కడుందంటే, గ్రోస్‌టెస్ట్ 1232లోనే తన చర్చి ఆదాయాల్లో ఒక్కటి ఉంచుకుని మిగతావి వదులుకున్నాడు. ఇతరులకు చెప్పింది ముందు తాను చేశాడు. చాటుగా తప్పించుకోకుండా, కారణాలు చూపిస్తూ ఉత్తరం రాశాడు. కాదన్నందువల్ల ఆయనకు వచ్చిన లాభం లేదు.

అలాగని ఆయన మనస్సాక్షి అన్నింటా సరైనది అనలేను. లీసెస్టరు నుంచి యూదులను వెళ్ళగొట్టినప్పుడు, వాళ్ళకు చోటిచ్చిన ఒక దొరసానికి ఆయన ఉత్తరం రాశాడు. యూదులు దేవుని శిక్షకు గురైన జాతి అని, వాళ్ళను వడ్డీ వ్యాపారం చెయ్యనివ్వకూడదని అందులో ఉంది. తన మంద కోసం పోపునే ఎదిరించినవాడికి మంద బయట ఉన్నవాళ్ళ బాధ కనిపించలేదు. ధైర్యం ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదని నాకు దీనివల్ల తెలిసింది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. పెద్దలు ఏ పని కోసం పెద్దలయ్యారో, ఆ పనికి అడ్డం వచ్చే మాటను కాదనడం అగౌరవం కాదు. కానీ కాదనే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇందులో నాకేమైనా లాభం ఉందా? నేను లెక్కలో వెయ్యకుండా వదిలేసినవాళ్ళు ఎవరు? మొదటి ప్రశ్నకు గ్రోస్‌టెస్ట్ గట్టిగా జవాబు చెప్పగలడు. రెండోది ఆయన వేసుకోలేదు. మనమైనా వేసుకోవాలి.