హమ్‌సాయా

కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లనో, గేటు లోపల వరసగా లేపిన డ్యూప్లెక్స్ ఇళ్లనో చూడబోయేవాళ్లకు ఏమేం అడగాలో ఎవరూ నేర్పక్కర్లేదు. మంచినీళ్లెక్కడివి? నల్గొండలో ఇదే మొదటి ప్రశ్న. ఫ్లోరైడు నీళ్లకు వంకరపోయిన కాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా అది. తర్వాత లేఅవుట్ పర్మిషన్, రెరా నంబరు. 2016లో వచ్చిన ఆ చట్టం పుణ్యాన, చెప్పే చదరపు అడుగుల్లో గోడల మధ్య నిజంగా కాలుమోపే జాగా ఎంతో బిల్డరు చెప్పక తప్పడం లేదు. భూమిలో మన వాటా ఎన్ని గజాలు? నెలనెలా మెయింటెనెన్స్ ఎంత? తూర్పు ముఖమా, ఉత్తరం ముఖమా? అన్నీ మంచి ప్రశ్నలే. జీవితకాలపు కష్టం పోసి కొనేవాడు అడగాల్సినవే.

మేం ఇవి అడిగేలోపు మమ్మల్నే ఒక ప్రశ్న అడుగుతారు. 'మీ పేరేంటండీ?'

పేరు చెప్పాక తూర్పు ముఖం ఫ్లాట్లన్నీ అయిపోతాయి. కాసేపటికి పడమటి ముఖాలు కూడా అయిపోతాయి. 'పార్ట్‌నర్‌తో మాట్లాడి ఫోన్ చేస్తాం' అంటారు. ఆ ఫోన్ రాదు. ఎవరూ తిట్టరు. చాయ్ కూడా తాగిస్తారు. తిట్టినవాడితో తగువు పెట్టుకోవచ్చు, చాయ్ తాగించి పంపినవాడితో ఏం పెట్టుకుంటాం? ముస్లింలు కోరుకున్న చోట ఇల్లు కొనలేకపోతున్నారనీ, కిరాయికి కూడా దొరకడం లేదనీ 2006లో సచార్ కమిటీ రాసింది. ఆ రిపోర్టును తిట్టినవాళ్లున్నారు, మెచ్చుకున్నవాళ్లున్నారు. ఆ ఒక్క మాట మాత్రం ఇంకా తాజాగానే ఉంది.

ఇది హైదరాబాద్ ముచ్చట, మన జిల్లాల్లో ఎక్కడిది అనే మిత్రులున్నారు. బెంగుళూరు రోడ్డు మీద కొత్తూరు, షాద్‌నగర్, బాలానగర్ దాటి జడ్చర్ల దాకా పోయి చూడండి. విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లి దాకా చూడండి. జొన్న చేలూ కంది చేలూ ఉన్నచోట ఇవ్వాళ కమాన్లూ గేట్లూ ఉన్నాయి. అసలు తేడా ఎక్కడుందంటే, పాత ఊళ్లో ఇల్లు ఇవ్వనివాడు ఒక్కడు. వాడు కాదంటే పక్కింటాయన ఇచ్చేవాడు. గేటు వచ్చాక కాదనేది ఒక్కడు కాదు, అసోసియేషన్. వంద ఇళ్లు ఒక్క నోటితో కాదంటాయి. ఆ నోరు ఎవరిదో ఎవరికీ తెలియదు.

ఇంకో వింత చెప్పాలి. ఈ పేర్ల పరీక్ష మా జిల్లాల్లో సరిగా పనిచేయదు. ఉమ్మడి నల్గొండలోని జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుని పుట్టిన పిల్లలు ఎన్ని కులాల్లో లేరు! సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి. ఫోన్లో 'సైదులు మాట్లాడుతున్నా' అంటే బ్రోకర్ ఏమనుకోవాలి? ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఇంటిపేరేంటి? మాంసం తింటారా? ఆ రెండు ప్రశ్నలతో ముస్లింతో పాటు మాల మాదిగలు కూడా జల్లెడలోంచి రాలిపోతారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరును ఊరికి పెట్టుకున్న జిల్లాలో మహబూబ్ అనేవాడికి ఫ్లాటు దొరకదంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. పీరీల ముందు ఊరంతా అలాయ్ ఆడిన నేల ఇది. అయితే ఆ గతాన్ని నేను మరీ తియ్యగా చెప్పను. పీరు అందరిదీ అయిన ఊళ్లోనే మాదిగవాడ ఊరవతల ఉండేది. కలిసి ఆడటం వేరు, పక్కపక్కన బతకడం వేరు.

వాస్తు గురించి ఒక మాట. బ్రోచర్ నిండా వాస్తే ఉంటుంది, అది చూసి మనవాళ్లు కొందరు ఇది మనకు కాదని వెనక్కి తిరుగుతారు. ఎందుకు? దిక్కులకు సరిగా కట్టిన ఇంట్లో పడమటి గోడకు తిరిగితే చాలు, మన ప్రాంతంలో ఖిబ్లా దాదాపు ఆ వైపే. ముసల్లా ఏటవాలుగా పరవనక్కర్లేదు. కమోడ్ ఉత్తర దక్షిణాలుగా ఉండాలని వాస్తు అంటుంది. ఖిబ్లా వైపు ముఖమో వీపో పెట్టి కూర్చోవద్దని మనం అనుకుంటాం. ఇద్దరి పట్టింపూ ఒకే గోడ దగ్గర కలుస్తుంది! ఇల్లు మమ్మల్ని కాదనడం లేదు. ఆ టైల్స్ పరిచిన మేస్త్రీ, ఆ గ్రిల్స్ వెల్డింగ్ చేసినవాడు, ఆ గోడలకు రంగేసినవాడు చాలాసార్లు మా గల్లీవాళ్లే. రాయి మోసినవాడు పాలమూరు కూలీ. పునాది తవ్వినప్పుడు ఎవరి పేరూ అడ్డం రాలేదు.

'నా ఆస్తి, నా ఇష్టం. ఎవరికి అమ్ముకోవాలో నేను చూసుకుంటా' అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టేయకూడదు. నా ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలన్నది నా ఇష్టమే. ఆ హక్కు లేకపోతే మాకే ముందు కష్టం. ప్రశ్న వేరు. నా గడప లోపల నాకున్న ఇష్టం, నాది కాని పక్క గడపదాకా, వీధిదాకా, గేటుదాకా పాకుతుందా?

ఈ ప్రశ్న మన షరియత్‌కు కొత్త కాదు. హఖ్-ఎ-షుఫా అని ఒకటుంది. పక్క స్థలం అమ్మకానికి వస్తే పరాయివాడి కంటే ముందు కొనుక్కునే హక్కు పొరుగువాడికి ఉంటుంది. ఇరుగు పొరుగు నెమ్మదిగా బతకాలని పెట్టుకున్న ఏర్పాటు. మన దేశంలో కొన్నిచోట్ల హిందువుల్లో కూడా ఆచారంగా నడిచింది. 1962లో భావురాం, బైజ్‌నాథ్ కేసులో సుప్రీంకోర్టు కేవలం పొరుగున ఉన్నందుకే వచ్చే షుఫా హక్కు చెల్లదంది. పరాయి మతంవాణ్నీ పరాయి కులంవాణ్నీ రాకుండా ఆపడానికి పనికొచ్చే ఇలాంటి హక్కు 15వ అధికరణం ఉన్న దేశంలో సమంజసం కాదని చెప్పింది. మన పాత హక్కు ఒకటి పోయినా నాకు ఆ తీర్పు మీద కోపం లేదు. అది న్యాయమే.

మరి 2005లో ఏమైంది? అహ్మదాబాద్‌లోని జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ పార్సీలకు తప్ప ఇంకెవరికీ సభ్యత్వం ఇవ్వననే బైలా పెట్టుకుంది. అదే సుప్రీంకోర్టు ఆ బైలా చెల్లుతుందంది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛ అంది. అంటే పొరుగువాడు ఒక్కడే నిలబడి పరాయివాణ్ని ఆపితే తప్పు. వందమంది పొరుగువాళ్లు సొసైటీగా రిజిస్టర్ చేసుకుని ఆపితే హక్కు! 15వ అధికరణం దుకాణాల్లో, హోటళ్లలో, బావుల దగ్గర అడ్డుకోకూడదని పేరుపేరునా చెప్తుంది. అమ్మకానికున్న ఇల్లు ఆ జాబితాలో లేదు. రెరా కూడా కొలతలు అడిగింది, ఈ సంగతి అడగలేదు.

అమెరికాలో మన తెలుగువాళ్లు కాండోలూ టౌన్‌హోమ్‌లూ కొంటున్నారు. అక్కడా ఒకప్పుడు నల్లవాళ్లకూ ఆసియావాళ్లకూ అమ్మొద్దని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్లు. 1948లో షెల్లీ, క్రేమర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ రాతలను కోర్టులు అమలు చేయకూడదంది. 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. రంగు, మతం, పుట్టిన దేశం చూసి ఇల్లు లేదనడం చట్టవిరుద్ధమైంది. వివక్ష పోయిందని కాదు, అడిగే దారి వచ్చింది. ఆ చట్టం నీడలో అక్కడ ఇల్లు కొనుక్కున్న అన్న, ఇక్కడ షాద్‌నగర్‌లో పెట్టుబడికి విల్లా కొని 'మనవాళ్లకే కిరాయికి ఇవ్వు' అని తమ్ముడికి ఫోన్ చేస్తే, ఆ మాట ఏ సముద్రం దగ్గర మారింది?

ఇక మన సంగతి. పార్సీల కేసు నన్ను ఇబ్బంది పెట్టడానికి కారణం, అక్కడ తలుపు మూసింది మైనారిటీ. మా బ్రోకర్లు కూడా 'అంతా మనోళ్లే, మస్జిద్ ఐదు నిమిషాలు' అని ప్లాట్లు అమ్ముతున్నారు. వెళ్లగొట్టినవాడు తలుపేయడం, భయపడ్డవాడు తలుపేసుకోవడం ఒకటేనా? ఒకటి కాదు. కర్ఫ్యూ రాత్రి ఏ గల్లీలో ఉన్నామన్నది ప్రాణం సంగతి. ఆ భయాన్ని అనుభవించనివాళ్లు మాకు కలిసి బతకమని పాఠం చెప్తే వినబుద్ధి కాదు. కానీ ఆ కొత్త కాలనీలో దూదేకులాయన ప్లాటు కొనబోతే మన పఠాన్లూ సయ్యద్‌లూ మొహం చిట్లించారా లేదా? గేటు పక్కన ఒక దళిత కుటుంబం ఇల్లు అడిగితే ఏమందాం? అంతా మనోళ్లే అనుకున్నచోట కూడా ఆ 'మన' రోజురోజుకూ చిన్నదైపోతుంది. ఒకేచోట ముడుచుకుంటే బ్యాంకులు కూడా ఆ బస్తీకి అప్పివ్వకుండా నెగెటివ్ జోన్ అని ముద్ర వేస్తాయి. అదీ సచార్ కమిటీ రాసిందే. సూరా నిసా 36వ ఆయత్‌లో బంధువైన పొరుగు, పరాయి పొరుగు ఇద్దరూ పక్కపక్కనే వస్తారు. పరాయివాడు పొరుగున ఉంటాడని అక్కడ ముందే ఒప్పుకున్నారు. ఉర్దూలో పొరుగువాణ్ని హమ్‌సాయా అంటాం, ఒకే నీడ కింద ఉండేవాడని. ఒకే మతంవాడని కాదు.

అడ్డం పెట్టని పద్ధతి అసలు ఉంటుందా అంటే, అరకొరగా ఉంది. 2007లో మొదలైన రాజీవ్ స్వగృహ టౌన్‌షిప్‌లకు సహభావన, సద్భావన అని పేర్లు పెట్టారు. సహభావన అంటే బండ్లగూడది, సద్భావన అంటే పోచారంది. ఏళ్లపాటు మొండిగోడలుగా ఉన్నాయి. 2022లో బండ్లగూడ ఫ్లాట్లను చివరికి లాటరీ తీసి ఇచ్చారు. నల్గొండ దగ్గరి శ్రీవల్లి టౌన్‌షిప్‌ను అదే ఏడాది వేలంలో పెట్టారు. 2015లో మొదలైన 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇళ్లకూ డ్రానే. మహబూబ్‌నగర్‌లో వీరన్నపేట, దివిటిపల్లి బ్లాకులు అట్లా వచ్చినవే. పట్టణాల్లో మైనారిటీలకు 12 శాతం వాటా కూడా పెట్టారు. వాటిలో కట్టుబడి లోపాలు చెప్పుకుంటే పేజీలు చాలవు. కానీ డబ్బాలోంచి వచ్చే చీటీకి అత్తరు వాసనా తెలియదు, ఇంటిపేరూ తెలియదు. మెట్ల మీద ఎవరెదురైతే వాళ్లే పొరుగు.

డ్రా ఒక్కసారే తీస్తారు. ఆ తర్వాత కిరాయికి, మళ్లీ అమ్మకానికి పేరు అడగడం మొదలవుతుంది. అందుకని బుకింగ్ పైసలు కట్టేముందు అసోసియేషన్ బైలాస్ అడగండి. ఈ మాట మా వాళ్లకన్నా ఎక్కువగా ఆ గేటు లోపలికి సులువుగా వెళ్లగలిగే మిత్రులకు చెప్తున్నాను. ఎవరికి అమ్మొచ్చో, ఎవరికి కిరాయికి ఇవ్వొచ్చో రాసిన పేజీ దగ్గర ఆగండి. బైలాస్‌లో ఏమీ లేకపోతే సేల్స్ ఆఫీసులో కూర్చున్న కుర్రాణ్ని అడగండి, 'నాతో పాటు మా దోస్తు మహబూబ్ కూడా ఒక ఫ్లాటు చూస్తున్నాడు, ఏ బ్లాకులో ఇస్తారు?' అని. నీళ్లు, లిఫ్టు, పార్కింగు గురించి తర్వాత అడగొచ్చు.