లక్ష్మణుడు బిగించిన తాడు



భద్రాచలం నుంచి పర్ణశాల దాదాపు 35 కిలోమీటర్లు. దుమ్ముగూడెం మండలం, గోదావరి ఒడ్డు. మన వీడియోలో చూశారు కదా: కుటీరం, బొమ్మలు, బంగారు లేడి, భిక్షువు వేషంలో రావణుడు, కాస్త అవతల సీతమ్మ చీర ఆరేసిన గుర్తులంటూ చూపించే వాగు రాళ్ళు. (పంచవటి మాదంటారు నాసిక్ వాళ్ళు. ఆ పంచాయితీ ఇప్పుడు వద్దు.) అక్కడికి వెళ్ళినవాళ్ళు లక్ష్మణుడి గురించి ఎక్కువగా అడిగేది ఒక్కటే, ఆయన గీసిన గీత ఎక్కడ అని. వాల్మీకి రామాయణంలో ఆ గీత లేదు. లక్ష్మణుడు బిగించిన తాడు మాత్రం ఉంది. దాని గురించి ఎవరూ అడగరు.

అరణ్యకాండ, 15వ సర్గ. పంచవటికి చేరాక, నీళ్ళు దగ్గరగా ఉండి ముగ్గురికీ హాయిగా ఉండే చోటు చూడమంటాడు రాముడు. చోటు మీరే చూపించండి, ఇక్కడ కట్టు అని చెప్పండి చాలు అంటాడు లక్ష్మణుడు. రాముడు చూపిస్తాడు. అక్కడి నుంచి వాల్మీకి కాసేపు మేస్త్రీలా మాట్లాడతాడు. నేల చదును, మట్టి గోడలు, గట్టి స్తంభాలు, పొడుగాటి వెదుళ్ళు, వాటి మీద జమ్మి కొమ్మలు. వాటిని తాళ్ళతో గట్టిగా బిగించి, పైన దర్భ, రెల్లు, ఆకులు కప్పాడట. ఇల్లు అయ్యాక వెంటనే అన్నను పిలవలేదు. గోదావరిలో స్నానం చేసి, తామరపూలు, పళ్ళు తెచ్చి, పూలతో బలి ఇచ్చి, శాంతి చేసి, అప్పుడు చూపించాడు. రాముడు చూసి గట్టిగా కౌగిలించుకున్నాడు. ఇంత పనికి బహుమతిగా ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది ఆ కౌగిలి ఒక్కటే.

ఆకులు కప్పేశాక ఆ కట్టు ఎవరికి కనిపిస్తుంది? ఎవరూ చూడని చోట పని సరిగ్గా ఎందుకు చేయాలి? రెండు నెలలుగా ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు. కారణం ఒక ప్లాస్టిక్ ఓడ.

ఆ ఓడ పేరు కట్టీ సార్క్. అసలు ఓడ 1869లో స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో నీళ్ళలోకి దిగింది, చైనా నుంచి తేయాకు మోసింది, ఇప్పుడు లండన్‌లోని గ్రీనిచ్‌లో ఉంది. మా ఇంట్లో ఉన్నది దానికి 96వ వంతు మోడల్. తమ్ముడు బీటెక్‌లో ఉన్నప్పుడు కొన్నాడు. అడుగు భాగం అతికించాడు, రంగులేశాడు, మూడు కొయ్యలూ నిలబెట్టాడు. అంతలో ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్ళిపోయాడు. వెళ్తూ, "అన్నా, పడేయకు. వీలైతే తాళ్ళు కట్టు" అన్నాడు.

తాళ్ళు కట్టడం అంటే చివర్లో చేసే చిన్న పని అనుకుంటాం. ఓడ మోడల్‌లో అసలు పని అక్కడే మొదలవుతుంది. కొయ్యల్ని పట్టి నిలబెట్టే కదలని తాళ్ళు కొన్ని. పాత ఓడల్లో వాటికి తారు పూసేవాళ్ళు కాబట్టి మోడల్‌లో నల్ల దారం. తెరచాపల్ని లేపడానికీ తిప్పడానికీ లాగే తాళ్ళు కొన్ని, వాటికి లేత గోధుమ రంగు దారం. కదలనివి ముందు, కదిలేవి తర్వాత, అదీ లోపలి నుంచి బయటికి. వరుస తప్పితే వేలు కాదు కదా, ట్వీజర్స్ కూడా దూరవు. దారానికి తేనెమైనం రాయాలి, లేకపోతే నూగు లేస్తుంది. ప్లాస్టిక్ కొయ్య సన్నగా ఉంటుంది. ఒక తాడు కాస్త ఎక్కువ లాగితే కొయ్య అటు వంగి, ఆ వైపు అంతకు ముందు కట్టినవన్నీ వదులై వేలాడతాయి. పక్కల్లో తాడు నిచ్చెనలు ఉంటాయి, నావికులు పైకెక్కడానికి. మోడల్‌లో 4 మిల్లీమీటర్లకు ఒక అడ్డ తాడు వస్తుంది, అది నిలువు తాడును దాటే ప్రతి చోటా ఒక ముడి. చాలా కిట్లలో ఈ నిచ్చెనలు ముందే తయారుచేసి ఇస్తారు. వాడుకోవచ్చు, నా దృష్టిలో అదేం తప్పు కాదు. తమ్ముడు మాత్రం ముడులే వేయాలన్నాడు.

"ఇదంతా షోకేస్‌లో పెట్టాక ఎవరికి కనిపిస్తుందిరా?" అంది అమ్మ. న్యాయమైన మాటే. ఒక తాడు అసలు ఎక్కడికి వెళ్ళాలో చూసుకోకుండా, దగ్గర్లో ఉన్న ఏ కొక్కేనికో కట్టేస్తే మూడడుగుల దూరం నుంచి ఏ తేడా తెలియదు. మా ఫీల్డ్‌లోనూ ఇంతే. డెమోలో కనిపించే బటన్‌కు చప్పట్లు. నెట్‌వర్క్ మధ్యలో పోతే యూజర్ డబ్బు ఏమవ్వాలో చూసుకునే నాలుగు లైన్లు ఎవరూ అడగరు.

మనలాంటి వాళ్ళం దీనికి వెంటనే చెప్పే జవాబు, దేవుడు చూస్తున్నాడు అని. నాకు ఈ జవాబు ఎప్పుడూ పూర్తిగా నచ్చలేదు. ఇది సీసీ కెమెరా భక్తి. చూసేవాడు ఉన్నాడు కాబట్టి సరిగ్గా చేస్తున్నానంటే, నా చూపు ఇంకా చూసేవాడి మీదే ఉంది, తాడు మీద లేదు. రెండో జవాబు నిష్కామ కర్మ. ఫలితం పట్టించుకోవద్దన్నాడు కదా, కాబట్టి ఎలా చేసినా ఫర్వాలేదు అనేదాకా దాన్ని లాగేస్తాం. ఫలం మీద హక్కు లేదన్న కృష్ణుడే, అదే రెండో అధ్యాయంలో, కర్మలో నేర్పునే యోగం అన్నాడు. ఆ మాట పక్కన పెట్టేసి మొదటిదే వాడుకోవడం మన సౌకర్యం.

లక్ష్మణుడు ఆ తాడు బిగించేటప్పుడు ఏం ఆలోచించి ఉంటాడు? నేను ఎంత మంచి తమ్ముణ్ణో అని మాత్రం కాదనుకుంటాను. ఈ కప్పు కింద వదిన పడుకుంటుంది, వర్షం వస్తుంది, గోదావరి మీద నుంచి గాలి వస్తుంది. ఆ కట్టు వదులైతే తెలిసేది చూసేవాళ్ళకి కాదు, కింద పడుకున్నవాళ్ళకి. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశి ముందు రోజు సాయంత్రం తెప్పోత్సవం చూసినవాళ్ళకి ఇది తెలుసు. గోదావరిలో హంస వాహనం మీద స్వామి తిరుగుతుంటే ఒడ్డున ఉన్న మనకు హంస మెడ, లైట్లు కనిపిస్తాయి. కింద పట్టి ఉంచిన కట్లు కనిపించవు. పైన స్వామితో పాటు అర్చకులూ ఉంటారు.

అయితే నా ఓడ కింద ఎవరూ పడుకోరు. దాని మీద ఎవరూ ప్రయాణించరు. ఇక్కడ పోలిక తెగిపోతుంది, తెగలేదని వాదించడం నాకిష్టం లేదు. కానీ శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుతో రెండు కొయ్యల ఓడ ఉన్న నాణేలు దొరికాయి, రెండో శతాబ్దం నాటివి. అవి చాలా చిన్నవి. వాటిలో కొన్నింటి మీద కొయ్యల నుంచి దిగే తాళ్ళు కూడా గీతలుగా కనిపిస్తాయి. ఆ ఓడా ఎవర్నీ మోయలేదు. అయినా అచ్చు చెక్కినవాడికి ఓడలో తాడు ఏం చేస్తుందో తెలుసు. తెలిసినవాడు తాళ్ళు లేని కొయ్యను గీయలేడు.

నేను పట్టుకున్నది అది. ఈ తాడు ఏం చేస్తుంది అని అడిగితే, అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో ఓడే చెబుతుంది. నేను ఎంత పర్ఫెక్ట్‌గా చేస్తున్నాను అని అడిగితే పని ఎప్పటికీ అవ్వదు. అసలు ఓడలో 11 మైళ్ళ తాళ్ళు, అంటే 17.7 కిలోమీటర్లు. 96తో భాగిస్తే 184 మీటర్ల దారం. అంతా కట్టాలన్న మొండితనానికి ఓడతో పని లేదు, అది పూర్తిగా నా గురించి. 4 మిల్లీమీటర్ల సన్న తాడు ఈ కొలతలో వెంట్రుక కంటే సన్నం అవుతుంది. అలాంటివి వదిలేశాను. వదిలేసినవి లేవు, అంతే. కట్టినవి మాత్రం వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాయి.

ఆ పర్ణశాల చివరికి ఖాళీ అయింది. లేడి వెనక వెళ్ళిన రాముడు తిరిగి వచ్చేసరికి లోపల సీత లేదు. చెట్టునూ పుట్టనూ అడుగుతూ వెతికాడు. కప్పు మీద తాళ్ళు అప్పటికీ బిగుతుగానే ఉండి ఉంటాయి.

తమ్ముడు ఈ సంక్రాంతికి రావట్లేదు, అక్కడ పరీక్షలు. నిన్న వీడియో కాల్‌లో ఓడ చూపించమని అడగలేదు, నేనూ చూపించలేదు. వెనక కొయ్యకు ఎడమ వైపు నిచ్చెన ఇంకా మిగిలింది.