పాతిపెట్టబడిన తలాంతు

ఆధార వాక్యభాగము: మత్తయి సువార్త 25:14–30

దూరదేశమునకు ప్రయాణమైన యజమానుడు తన దాసులను పిలిచి, ఒకనికి ఐదు తలాంతులును, మరియొకనికి రెండును, వేరొకనికి ఒకటియు అప్పగించెను. మొదటి యిద్దరు వ్యాపారము చేసి వాటిని రెట్టింపు చేసిరి. మూడవవాడు భూమి త్రవ్వి తన తలాంతును దాచిపెట్టెను. ఈ మూడవవాని యొద్ద విశ్వాసి కొంతసేపు నిలిచి ఆలోచింపవలెను.

అతనికి దొరికినది కొంచెమే గదా అని అనేకులు తలంచుదురు. అది సరికాదు. ఆ కాలమున ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. ద్రాక్షతోటలో దినమంతయు పనిచేసినవానికి ఒక దేనారము కూలి యని అదే సువార్త 20వ అధ్యాయము తెలుపుచున్నది. ఏటికి 300 పనిదినములు లెక్కించినను, ఒక తలాంతు ఇరువది యేండ్ల కష్టార్జితము.

1860 నవంబరు 16న మొదటి ఓడ మద్రాసు నుండి దర్బను చేరినది మొదలు, నేటాల్ చెరకు తోటలకు వచ్చిన పూర్వికుల గిరిమిట్టు ఐదేండ్లు. మొదటి యేట పురుషునికి నెలకు 10 షిల్లింగులు. పిమ్మట ఏటేట ఒక్కొక్క షిల్లింగు హెచ్చు. అట్టి గిరిమిట్లు నాలుగు వరుసగా ముగించిన కాలమెంతయో, ఒక తలాంతు అంతకాలపు కూలి. కావున ఒక్క తలాంతు గలవాడు బీదవాడు కాడు. దేవుడు ఎవనికిని చిల్లర యిచ్చి పంపలేదు.

మరి అతడేల పాతిపెట్టెను? యజమానుడు అతని సోమరితనమును గద్దించెను. అతడైతే తన భయమును చెప్పుకొనెను; తన యజమానుడు కఠినుడనియు, తాను విత్తని పంటను కోసికొనువాడనియు తలంచెను. అట్టి యజమానులను తోటలలోని పూర్వికులు బాగుగా ఎరుగుదురు. తెల్లవారక మునుపే గంట, సర్దారు కేక, పనికి రాని దినమునకు కోత. తల యెత్తకుము, ముందుకు పోకుము, ఉన్నది దాచుకొనుము అను జాగ్రత్త ఆ దినములలో ప్రాణములను కాపాడెను. గిరిమిట్టు పోయినను ఆ భయము పిల్లల పిల్లలకు దిగివచ్చును. అయితే దేవుడు తోట దొర కాడు. ఆయన దాసుని చేత గిరిమిట్టు వ్రాయించుకొనలేదు. తన ఆస్తినే అతని చేతిలో పెట్టెను. నమ్మి యిచ్చినవానిని నమ్మకపోవుటయే మూడవ దాసుని పాపము.

1903లో నెల్లూరు నుండి జాన్ రంగయ్యగారు నేటాల్‌కు వచ్చిరి. తోటలలో చెదరియున్న తెలుగు బాప్తిస్టు విశ్వాసులకు కాపరి కావలసియుండెను. ఆ సంవత్సరము డిసెంబరులోనే కియర్స్నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. 1915లో మరణించువరకు ఆయన ఈ దేశమందే సేవ చేసిరి. ఆయన తెచ్చినది ధనము కాదు. వాక్యజ్ఞానము, తెలుగు భాష, నడువగల కాళ్లు. అయితే దినమంతయు కొడవలి పట్టిన కూలీలు రాత్రి కూడివచ్చి ప్రార్థింపనియెడల ఒక్క బోధకుని వలన సంఘము నిలువగలదా? ఐదు తలాంతులవాని ప్రక్కన ఒక్క తలాంతువారు అనేకులు నిలిచిరి. వారి పేర్లు ఏ పుస్తకమందును లేకపోయినను, ప్రభువు లెక్కలో ఉన్నవి.

యొప్పేలో దొర్కా బోధకురాలు కాదు; ఆమె చేతిలోనిది సూది. ఆమె మరణించినప్పుడు విధవరాండ్రు ఆమె కుట్టిన వస్త్రములను పేతురునకు చూపి యేడ్చిరి. ఆ వస్త్రములే ఆమె ప్రసంగము.

నేడు సంఘములో తెలుగు కీర్తనలు కంఠస్థముగా నెరిగిన అవ్వ, మనుమలకు అర్థము కాదని మౌనముగా కూర్చుండును. ఇంగ్లీషు చదువులో ఆరితేరిన మనుమడు, తనకు తెలుగు రాదని సంఘమునకు దూరముగా నిలుచును. ఇద్దరును దొంగిలింపలేదు, పాడుచేయలేదు, పాతిపెట్టిరి, అంతే. కాని ఒక తరము పాతిపెట్టినదానిని మరుతరము ఎక్కడ త్రవ్వి చూచుకొనును? అవ్వ తోటివారు వెళ్లిపోవుచున్నారు.

వ్యాపారము చేయలేనివాడు సాహుకారులయొద్ద ఉంచినను వడ్డీ వచ్చియుండునని యజమానుడు చెప్పెను. ఒంటరిగా చేయజాలనివాడు ఇతరులతో కలిసి చేయవచ్చునని దీనినిబట్టి తెలిసికొనవచ్చును. అవ్వ ఒక కీర్తనను ఒక్క మనుమరాలికి నేర్పవచ్చును. మనుమడు దానిని వ్రాసి, అర్థము అడిగి, చిన్నపిల్లలకు ఇంగ్లీషులో వివరింపవచ్చును. అప్పుడు రెండు తలాంతులు నాలుగగును.

ఐదు సంపాదించినవానికిని, రెండు సంపాదించినవానికిని యజమానుడు ఒక్కటే మెప్పు నిచ్చెను. ఆయన చూచినది మొత్తమును కాదు, నమ్మకత్వమును. లెక్క అడుగు దినము వచ్చుచున్నది; అయినను భూమి నేటికిని త్రవ్వదగినదే. దాచినది పైకి తీయుటకు ప్రభువు ప్రతి విశ్వాసికి ధైర్యమును, ప్రతి యింటికి కృపను దయచేయును గాక. ఆమేన్.