పిల్లలు ఎవరి కోసం పాడుతున్నారు?

మన సంఘాల ఉగాది, దీపావళి కార్యక్రమాలలో తరచు కనిపించే దృశ్యమే. పదేళ్ల అమ్మాయి పట్టులంగా కట్టుకుని వేదిక మీద కూర్చుంటుంది. శ్రుతి తప్పదు, తాళం తప్పదు. ముఖం మాత్రం పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. చూపంతా మొదటి వరుసలో ఉన్న తల్లి పెదవుల మీదే. పాట అయ్యాక ఎవరో ఒకరు, "బాగానే పాడింది కాని, కాస్త నవ్వుతూ పాడితే బాగుండేది" అంటారు.

చెప్పి తెప్పించిన నవ్వు ఎంతసేపు నిలుస్తుంది? పిల్లల బిడియాన్ని లోపంగా ఎంచే ముందు, వాళ్ల నెత్తిన మనం పెట్టిన బరువేమిటో చూసుకోవాలని నా మనవి. దేశం వదిలినా సంస్కృతిని వదలలేదని రుజువు చేయడానికి వాళ్లను సాక్షులుగా వేదిక ఎక్కిస్తున్నాము. బోనెక్కిన సాక్షి హాయిగా ఎలా ఉంటాడు? వాళ్లను అలా వాడుకునే హక్కు మనకు ఉందా?

బాలమురళీకృష్ణగారు ఎనిమిదో ఏటనే విజయవాడ త్యాగరాజ ఆరాధనలో కచ్చేరీ చేశారు గదా అంటారు కొందరు. నిజమే. కాని ఆయన తండ్రి వేణువు, తల్లి వీణ వాయించేవారు. మన ఇళ్లలో పిల్లల పాట వినేది వారానికో గంట గురువుగారు, ఏడాదికో రోజు సభ. కూర తరుగుతూ, ఏమీ అనకుండా వినే అమ్మమ్మ మధ్యలో లేదు. ఆ పని మనమే చేయాలి.

మాట అర్థం కూడా తెలియాలి. డబ్బులో ఆనందం ఉందా, దేవుని చెంత ఉందా అని త్యాగరాజు తన మనసునే నిలదీసిన కల్యాణి కృతి ఒకటుంది. (ఆ ప్రశ్న ఇక్కడ మనలో కొందరికి గుచ్చుకుంటుంది కూడా!) అది ప్రశ్న అని తెలియని బిడ్డ దాన్ని ఎలా అడుగుతుంది? తెలుగు రాకపోతే ఇంగ్లీషులోనే చెప్పండి. తర్వాత ఆ భావం తన మాటల్లో సభకు చెప్పి పాట మొదలుపెట్టనివ్వండి. మాట కలిపినవారి ముందు భయం సగం తగ్గుతుంది. చరణం మరిచిపోతే పల్లవి అందుకోవచ్చునని కూడా ముందే నేర్పాలి. పెద్ద విద్వాంసులకూ ఆ దారి తెలుసు.

క్లీవ్‌లాండులో 1978 నుంచి జరుగుతున్న ఆరాధనలో పంచరత్నాలు అందరూ కలిసి పాడతారు. అలాంటి బృందంలో పెద్దల పక్కన నాలుగేళ్లు గొంతు కలిపాక ఒంటరిగా కూర్చోబెడితే తొందరేమీ లేదు.

అన్నిటికన్నా కష్టమైనది ఇంటికి తిరిగి వచ్చే కారులో. అక్కడే విచారణ మొదలవుతుంది: ఎక్కడ తడబడ్డావు, పక్కింటివాళ్ల అబ్బాయి ఎలా పాడాడు. ఈసారి ఆకలవుతోందా అని అడగండి. పాట ఊసు తనే ఎత్తితే, ఏ సంగతి పాడుతుంటే నీకు బాగుందని అడిగి, ఊరుకోండి.