పలుకని యక్షరము

నా తరగతిలో నొక బాలుడు ‘చెరువు’ అని వ్రాసెను. శకటరేఫము లేదని మార్కు తగ్గించితిని. “అయ్యవారూ, మీరు రెంటినీ ఒకటిగానే పలుకుతారు గదా!” అని వాడనగా నాకు బదులు తోచలేదు.

కడప జిల్లాలోని కలమళ్ల శాసనమున (సుమారు క్రీ. శ. 575) ఱకారము గలదు, నాడు దాని పలుకు వేరు, కనుక గుర్తును వేరు. రేనాటి చోళుల శాసనములలో మఱియొక యక్షరము గలదు. దాని ధ్వనిని అరవమువారు ‘కోడి’కి దాము వాడు మాటలో నేటికిని పలుకుదురు. తెలుగున నా ధ్వని డకారమయ్యెను, అక్షరము పోయెను. కోడి కూయుట మానలేదు.

పూర్వకావ్యములు చదువగోరువారు ఱకారము నెఱుగవలసినదే. నా చేయియు దానినే వ్రాయును. కాని నా నోట వినబడని భేదమును బాలుని కలమునుండి కోరుట న్యాయమా? నేర్పని దానికి దండనము విద్య గాదు. మఱునాడు వాని మార్కు వానికిచ్చితిని.